లోపటి కావలోళ్ళు

గంటసేపట్ల రిపోర్టు వస్తది, వచ్చినంక చూద్దాం అని చెప్పి డాక్టరమ్మ లోపటికి పోంగనే రేష్మకు మొదలు యాదికొచ్చింది ఏందంటే, ఇంటికాడ కూలర్ల నీళ్ళు పోయలేదని. ఎవరికోసం పొయ్యాలె? బాపు డ్యూటీల ఉన్నడు, అమ్మ లోపట కెజియా మంచం పక్కన ఉన్నది, తనేమో కారిడార్ల ఈ ఇనుప కుర్సీ మీద ఉన్నది, లాల్‌పేట క్వార్టర్ల ఇప్పుడు బల్లులు తప్ప ఎవ్వరు లేరు, బల్లులకు కూలర్ ఎందుకు. అయినా మనసు కూలర్ కాడికే ఉరికింది. మనసు అంతే, ఇల్లు అంటుకుంటే చెప్పులు ఎక్కడ ఇడిసిన్నో అని ఎతుకుతది. బయట ఎండ గేటు కాడికొచ్చి నిలవడ్డది, విజిటింగ్ టైం కోసం చూస్తున్నట్టు. పార్కింగుల ఒక్క కుక్క లేదు, ఒక్క మనిషి లేడు, నిలవెట్టిన స్కూటీల సీట్ల మీద అట్టముక్కలు కప్పి ఉన్నయి, చంద్రపూర్ల ఏప్రిల్ అంటే ఇట్లనే, స్కూటీలకు సుత పెయ్యి కాలుతది. కెజియా పెయ్యి గూడ నిన్న పొద్దున ఇట్లనే కాలింది. ఎత్తుకుంటే మెడ మీద దాని చెంప పెనం మీది రొట్టె లెక్క అంటింది, అప్పుడు సుత అది ఏడ్వలే, కడుపుల నొస్తుందక్కా అని మాత్రం అన్నది, ఏదో క్షమించమన్నట్టు.

కెజియాకు తొమ్మిదేండ్లు, రేష్మకు ఇరవై అయిదు, నడుమ ఎవ్వరు లేరు. బాపు జ్ఞానయ్య ఓపెన్‌కాస్టు బొగ్గుగనిల డంపర్ నడుపుతడు, కాలరీల మంచి బోనస్ ఇచ్చిన ఏడాదే చిన్నది పుట్టింది కాబట్టి ఇప్పటికి దాన్ని బోనస్ అనే పిలుస్తడు, మరి నన్నేమంటవ్ బాపూ అంటే, నువ్వు బేసిక్ పే, నెలనెలా గులుగుతనే ఉంటవ్ అంటడు. బేసిక్ పే ఇక్కడ కూసొని గోడ మీది గడియారం చూస్తున్నది. చూడొద్దనుకుంటే చూస్తున్నది. డాక్టరమ్మ మరాఠీల మెల్లగ చెప్పింది, అంత మెల్లగ చెప్పుడే భయం, ఎప్పుడు గాబరాగ మాట్లాడే మనిషి ఆమె. రెండు దారులున్నయి, అన్నది. ఒకటి, మూడేండ్ల సంది ఉన్న కీళ్ళ జబ్బే మళ్ళ లేసింది, ఈసారి మోకాళ్ళను మణికట్లను ఇడిసిపెట్టి రక్తం మీద పడ్డది, లోపటి కణాలు తమ రక్తాన్ని తామే తింటున్నయి. అట్లయితే స్టెరాయిడ్ పెద్ద డోసు నరంలకెక్కియ్యాలె, ఆ కణాల గొంతు నొక్కాలె, ఆలస్యం చేస్తే చెయ్యి దాటుతది. రెండోది, బయటి నుంచి ఏదో ఇన్ఫెక్షన్ వచ్చి ఉండాలె. అట్లయితే అదే పెద్ద డోసు, దొంగకు తలుపు తీసి కుర్సీ ఏసి చాయ్ ఇచ్చినట్టు. జరం రెండిట్ల వస్తది. ప్లేట్‌లెట్లు రెండిట్ల పడుతయి. లివర్ రెండిట్ల ఖరాబైతది. ఫెరిటిన్ అని ఒక పరీక్ష పంపినం, అది బాగ ఎక్కువొస్తే మొదటి దారే అనుకోవాలె, నాగపూర్ డాక్టరు సుత ఫోన్ల అదే అన్నడు, మందు సీసా తయారు పెడతం, రిపోర్టు రాంగనే మొదలు.

ఇవన్ని చెప్తూ నడుమల ఒక మాట అడిగింది. ఇంట్ల గాని, స్కూల్ల గాని, ఇరుగుపొరుగుల గాని ఎవరికన్న జరం, దద్దులు, కాంజిణ్యా, ఏమన్న అయినయా? కాంజిణ్యా అంటే పెయ్యంత నీటిపొక్కులు లేస్తయి చూడు, అది. మరాఠీ బడిల సదివిన రేష్మకు ఆ మాట కొత్తది కాదు. నాహీ మేడమ్, అన్నది. ఎంత జల్ది అన్నదో ఇప్పుడు చూసుకుంటే తనకే నవ్వొస్తుంది, ఏడుపొస్తుంది. తన పనేమో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. నాగపూర్ కంపెనీ, ఇంటి నుంచే డ్యూటీ. ఎవడన్న కుర్రోడు చూడకుండ పాస్ అని రాస్తే వాణ్ని మీటింగుల నిలవెట్టి కడిగే మనిషి. నాహీ మేడమ్. ఒక్క బటన్ నొక్కి చూడలే. కాని ఏం చూడాలె? అమ్మకు జరం లేదు, బాపుకు లేదు, తనకు లేదు. స్కూలుకైతే కెజియా పోక నెల దాటింది, మోకాలు వాసి. లేదు అంటే లేదే. లేదు కదా? మనసు ఆ ప్రశ్నను పక్కకు జరిపి మళ్ళ గడియారం దిక్కు చూసింది.

మూడేండ్ల కింద జబ్బు మొదలు గూడ ఇట్లనే, ఏం లేదు ఏం లేదు అనుకుంటనే మొదలైంది. పొద్దూకంగనే జరం, తెల్లారేసరికి మాయం. జరంతోని గులాబిరంగు దద్దు వచ్చేది, జరంతోనే పోయేది, డాక్టరు కాడికి పోయేసరికి చర్మం తెల్లకాయితం లెక్క సాఫ్, మేమే అబద్ధం ఆడుతున్నట్టు. మలేరియా అన్నరు, టైఫాయిడ్ అన్నరు, పక్క క్వార్టర్ లస్మయ్య తాతైతే పులి భయం అన్నడు, అప్పుడే థర్మల్ కరెంటు ప్లాంటు దిక్కు పులి తిరుగుతుందని వాట్సాప్ గ్రూపుల ఫొటోలు వస్తుండె మరి. ఆఖరికి నాగపూర్ల పెద్ద డాక్టరు, పిల్లల కీళ్ళవాతం అన్నడు. పిల్లలకు కీళ్ళవాతమేంది సార్, అది మా అత్తకున్నది, అని అమ్మ కొట్లాటకు పోయినట్టే అడిగింది. ఆయన కాయితం మీద గుండ్రాలు గీసిండు. ఇవి రక్తంల తిరిగే కావలి కణాలమ్మా, పురుగు వస్తే పట్టాలె, చంపాలె, మన దాన్ని మనదని గుర్తుపట్టి ఇడిసిపెట్టాలె. ఈ పిల్లలల్ల ఆ గుర్తుపట్టుడే తప్పుతది. బాపు ముందుకు వంగి, అంటే సార్, మా మైన్ల సెక్యూరిటోడు తాగి మా మేనేజర్ జీపునే ఆపి తాళాలు గుంజుకున్నట్టు, అన్నడు. డాక్టరు నవ్విండు. అంతే కాకా, కాకపోతే వీడు తాగలే. వీడు నిజంగనే దొంగను పట్టిన్ననుకుంటుండు.

ఆ మాట రేష్మల గుచ్చుకొని ఉండిపోయింది. తాగినోడైతే దిగుతది, తిట్టొచ్చు, సస్పెండ్ చెయ్యొచ్చు. మనసుపూర్తిగ డ్యూటీ చేసేటోణ్ని ఏం జేస్తం? తర్వాత ఆఫీసు పని నడుమ నడుమ అవే సదివింది, ఒకటి సదివితే పది తెరుచుకునేది. కొన్ని కణాలు కొట్టేటియి, కొన్ని ఆ కొట్టేటోళ్ళ భుజం మీద చెయ్యేసి చాల్లే అని చెప్పేటియి, ఆ చాల్లే అనేటోళ్ళు బలంగ లేకపోతే కొట్లాట ఆగదు. కొన్ని పెద్దనోటి కణాలు, దొరికింది మింగేటియి. ఇంకొన్నిటికి పేరే పుట్టుకతో చంపేటోళ్ళు అని, పేరు చూస్తే గూండా లెక్క, కాని కెజియాసొంటి పిల్లలల్ల అవే బద్దకం చేస్తయట. అవి చెయ్యాల్సిన పని చెయ్యక, మింగేటోళ్ళు మింగుతనే పోతరు. మోకాలు నుంచి గుంజిన నీళ్ళల్ల కణాలు ఒక తీరుగుంటయి, అదే పిల్ల రక్తంల ఇంకో తీరుగుంటయి, ఒక్కొక్క కణాన్ని ఇడదీసి అదేం మాట్లాడుతుందో వినేటోళ్ళు సుత ఉన్నరట లోకంల. ఇది చెప్తే కెజియా కండ్లు పెద్దగ చేసి, నా మోకాలు నీళ్ళల్ల గూడ కావలోళ్ళున్నరా అక్కా, వాళ్ళకు ఈతొస్తదా, అని అడిగింది. ఆ దినం నుంచి అది తన జబ్బు పేరు చెప్పలే, కావలోళ్ళు లేసిండ్రు అంటది, కావలోళ్ళు పండుకున్నరు అంటది. ఆదివారం చర్చి నుంచి రాంగనే తొడకు సూది, వాళ్ళను పండవెట్టే సూది. ఆ మందు పసుపురంగుల ఉంటది, ఏడాది తిరిగేసరికి పసుపురంగు కనవడితేనే దానికి కక్కొచ్చేది, అమ్మ కిటికీ పరద మార్చింది, రేష్మ తనకిష్టమైన చున్నీ చుట్టాలకిచ్చేసింది, బాపు పప్పు తినుడు మానేసిండు పాపం, ఎవరు మానమనకున్నా.

ఫోన్ వణికింది. బాపు.

"ఏమన్నరు బిడ్డా?"

"రిపోర్టు రావాలె బాపూ."

"తిన్నవా?"

"బాపూ..."

"తిన్నవా అంటే తిన్న అనాలె, తినలే అనాలె. బాపూ అంటే ఏమర్థం? నా జాగల ఇంకొకడు రాంగనే పంపిస్త అన్నడు సారు. బోనస్ ఏం జేస్తుంది?"

"పండుకున్నది."

"ఏడుస్తుందా?"

"లేదు."

వెనుక ఏదో బండి రివర్స్ గొడుతున్న పీక్ పీక్ సప్పుడు. "ఏడిస్తే బాగుండు," అన్నడు. "దాని నోరెంతదో మనకెరుకే గద. అది సప్పుడు జెయ్యకుంటే నాకు లారీ బ్రేకు వడనట్టున్నది."

పెట్టేసిండు. దాని నోరు. నిజమే, పొద్దున లేస్తే పండుకునేదాక మైకు. రేష్మ చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకొని మీటింగుల ఉంటే, అది తలుపు కాడ నిలవడి సైగలు చేసుకుంట సుత మాట్లాడుతది. మొన్న, మొన్న కాదు అంతకు ముందు, పండుగ అయినంక కొన్నొద్దులకు, ఇట్లనే తలుపు కాడికొచ్చి ఒక మాట చెప్పింది. మొఖమంత వెలుగుతుండె. అక్కా, సుమన్ సుత ఇప్పుడు నా లెక్కనే కూసుంటుంది, అన్నది. సుమన్ అంటే లస్మయ్య తాత, ఈరమ్మ అవ్వల మనుమరాలు, కెజియా ఈడుదే, ఆ పోరి కూసునే రకం కాదు, గోడలెక్కుతది, మేకల వెంట వడుతది, ఒక్క చెప్పుతోని క్వార్టర్లన్ని చుట్టొస్తది. కెజియా రోజు అరుగు మీద కూసొని దాన్ని చూస్తది, చూసి రన్నింగ్ కామెంట్రీ చెప్తది, తను ఉరకలేని ఉరుకుడంత నోటితోని ఉరుకుతది. అట్లాంటిది, సుమన్ వచ్చి పక్కన కూసున్నదట. ఉరుకుతలేదట. అష్టాచెమ్మ ఆడినరట, కెజియానే గెలిచిందట. రేష్మ మీటింగుల ఉండి, మ్యూట్ తీయకుండనే, మంచిదే అని తలూపింది. మంచిదే. ఒక పిల్ల ఉరుకుడు బందు జేస్తే మంచిదెట్లయితది? ఎందుకు బందు జేసింది?

అగో, ఆ ఎందుకు కాడ మనసు ఆగింది. ఆగి, ఎమ్మటే తప్పించుకొని ఇంకో దిక్కు పోయింది, ఎదురుంగ కుర్సీల నిద్రపోతున్న మనిషి చేతిల సంత్ర పండు ఎప్పుడు జారుతదా అని చూసింది, పులి వాట్సాప్ గ్రూపు యాదికొచ్చింది, కాలనీ అలర్ట్ అని పేరు దానికి, పులి అడుగు కనవడితే మెసేజ్, కరెంటు పోతే మెసేజ్, నీళ్ళ ట్యాంకర్ వస్తే మెసేజ్, గుడ్ మార్నింగ్ పూలు లెక్కలేనన్ని, ఊరవతల పులి ఎటువోయిందో తెలుస్తది కాని గోడవతల పిల్ల ఎందుకు కూసున్నదో తెల్వది. గోడ అవతల. ఈరమ్మ అవ్వ గుమ్మం. నిన్న పొద్దున కెజియాను ఎత్తుకొని ఆటో దిక్కు ఉరుకుతుంటే అవ్వ గుమ్మంల నిలవడి ఉన్నది. ఎప్పుడైనా పిల్లను చూస్తే చాలు ఉరికొచ్చి నెత్తి మీద చెయ్యి పెట్టి మెటికలు విరిచే మనిషి, నిన్న అడుగు కదలలే. జల్ది తీస్కపోండ్రి బిడ్డా, అన్నది అక్కడి నుంచే. కోపమొచ్చిందా, ముసలితనమా, ఎండా. అవ్వ నెత్తి మీద, గుమ్మానికి, యాపాకు కొమ్మలు. అవి పాడ్వాకు కట్టినయి గద. గుడీ పాడ్వాకు మరాఠోళ్ళు కడతరు, మన తెలుగోళ్ళు ఆ దినమే ఉగాది జేసుకొని వాళ్ళను చూసి కడతరు, వీధి వీధంత యాపాకే, ప్రార్థనోళ్ళ మా గుమ్మం ఒక్కటే బోడిగ ఉంటది.

పాడ్వా అయి ఎన్నొద్దులైంది?

రేష్మ కుర్సీల సక్కగ కూసున్నది. నిన్న ఆటో దాటిన గుమ్మాలను ఒక్కొక్కటి మళ్ళ తెచ్చుకున్నది, వీడియో ఎనుకకు జరిపినట్టు. మూల మీద పోస్టాయన ఇల్లు, ఆకు ఎండి గోధుమరంగై ముట్టుకుంటే పొడయ్యేటట్టున్నది. టీచరమ్మ ఇల్లు, ఆకులు రాలి కొమ్మలే మిగిలినయి. ఆ పక్కది సుత ఎండిందే. ఈ ఎండకు ఇనుమే ఎండుతది, ఆకెంత. ఈరమ్మ అవ్వ గుమ్మానికి మాత్రం ఆకు పచ్చగున్నది. పచ్చగ, మెత్తగ, గాలికి ఊగుకుంట. ఒకటే పండుగ, ఒకటే ఎండ, ఒకటే చెట్టు, ఒక్క గుమ్మానికి ఎండలే. అంటే ఆ గుమ్మానికి ఎవరో రోజు కొత్తకొమ్మ కడుతున్నరు. రోజు కొత్త యాపాకు ఎందుకు కడతరు? గుమ్మం కాడ రాగిచెంబు సుత ఉండె, నీళ్ళల్ల ఆకులు తేలుతుండె. ఈ ప్రశ్నకు జవాబు రేష్మకు ఎప్పుడో తెలుసు, ఆ కాలరీల పుట్టిన ఎవరికైన తెలుసు. తల్లి ఉన్న ఇల్లది. ఒక పిల్లకు పొక్కులు పోస్తే జబ్బనరు, పేరు పెట్టి పిలువరు, తల్లి వచ్చింది అంటరు, గుమ్మానికి యాపాకు కడతరు, తల్లికి సాక అని యాపాకు నీళ్ళు పోస్తరు, పోపు పెట్టరు, గొంతెత్తి మాట్లాడరు, పిల్లకు తానం పోసిన దినం పెరుగన్నం కలిపి లైన్లున్న ఇంటింటికి పంచుతరు. ఆ పెరుగన్నం వచ్చిందంటే అర్థం, మా ఇంట్ల తల్లి ఉన్నది, మీ పిల్లలను జర చూసుకోండ్రి అని. లైన్లున్న ప్రతి ఇంటికి వస్తది ఆ గిన్నె.

రేష్మ వాళ్ళింటికి తప్ప. ఎందుకంటే ఎప్పుడో, రేష్మ చిన్నగున్నప్పుడు, ఈరమ్మ అవ్వ బోనం అన్నం తెస్తే అమ్మ రెండు చేతులు జోడించి, ఏమనుకోకు అవ్వా, మేం తినం, అని తిప్పి పంపింది. అవ్వ ఏమనుకోలే. ఆ దినం నుంచి దేవునికి పెట్టింది ఏదీ ఈ గడపకు తేలే, బతుకమ్మకు సత్తుపిండి చేస్తే దేవునికి పెట్టకముందే పక్కకు తీసి, ఇది ఒట్టి పిండేనమ్మా అని ఇచ్చేది, అమ్మ సుత క్రిస్మస్ కేకు ప్రార్థనకు ముందే కోసి పంపేది. ఇన్నేండ్లు ఆ రెండిండ్ల నడుమ ఒక్క మాట రాలే, ఎవరి దేవుణ్ని వాళ్ళు ఎదుటోళ్ళ కంట్లె పడకుండ దాసుకున్నరు, అంత మంచి మర్యాద. ఆ మర్యాదల ఈ కబురు గూడ ఆగిపోతదని ఎవరనుకున్నరు.

ఫోన్ చేసింది. ఏలు రెండుసార్లు తప్పు నంబరు మీద పడ్డది.

"ఈరమ్మవ్వా, నేను రేష్మను."

"చెప్పు బిడ్డా, కెజ్జి ఎట్లున్నది? నాకు బుక్క పోతలేదు..."

"అవ్వా, ఒకటి అడుగుత. సుమన్‌కు తల్లి పోసిందా?"

అవతల కోడి ఒకటి అరిసింది.

"పోసింది బిడ్డా," అన్నది అవ్వ, గొంతు తగ్గించి. "కోఠారి ఊర్ల మా బిడ్డింటికి పోయొచ్చినంక పోసింది. పాడ్వా అయిన నాలుగైదొద్దులకు. తల్లి సల్లగనే సూసింది, మొన్ననే ఆఖరు తానం అయింది."

"మాకెందుకు చెప్పలే అవ్వా?"

"మీరు ప్రార్థనోళ్ళు గద బిడ్డా. మీ అమ్మ మనసు నొస్తదని మీ గడపకు పెరుగన్నం తేలే. అన్నమే తేనప్పుడు మాటెట్ల తెస్తం?"

"కెజ్జి మీ ఇంటికొచ్చిందా అప్పుడు?"

"తల్లి ఉన్న ఇంట్లకు ఎవ్వల రానియ్యలే. అంతకు ముందటి దినం వచ్చింది, సుమన్‌కు ఒట్టి జరమే ఉండె అప్పుడు, పొక్కు లేదు ఏం లేదు. అరుగు మీద కూసొని ఒక్క పల్లెంల అటుకులు తిన్నరు ఇద్దరు. ఎందుకు బిడ్డా? ఏమైంది? నేనేమన్న తప్పు జేసిన్నా?"

"నువ్వేం జెయ్యలే అవ్వా," అన్నది రేష్మ, అనేసరికే కాళ్ళు నడుస్తున్నయి. పొక్కు లేసే ముందటి దినమే ఎక్కువ అంటుకుంటదని ఎక్కడో సదివింది, ఎక్కడ సదివిందో ఇప్పుడెందుకు, రెండు వారాలు దాటితే లేస్తది, రెండు వారాలు దాటినయి. కెజియాకు ఈ టీకా పడలే, సర్కారు టీకాలన్ని అమ్మ వరుసగ ఏయించింది, ఇది ఆ వరుసల లేనిది, తర్వాత నాగపూర్ల అడిగితే ఈ మందుల మీదున్న పిల్లకు బతికున్న పురుగు టీకా ఇప్పుడు ఇయ్యొద్దన్నరు. మూడేండ్ల సంది సూదులేసి సూదులేసి కావలోళ్ళందర్ని పండవెట్టిన ఇల్లది, దొంగ అరుగు మీద కూసొని అటుకులు తిని నిమ్మలంగ లోపటికి పోయిండు. కారిడార్ చివర సిస్టర్ ఒక సీసా పట్టుకొని వార్డు తలుపు తీసి లోపటికి పోతున్నది. సీసాకు గొట్టం తగిలించే ఉన్నది. అంటే రిపోర్టు వచ్చింది. వచ్చిందని తనకు ఎవ్వరు చెప్పలే. తలుపు కాడ వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టిండు, ఒక పేషెంటుకు ఒక్క మనిషే, మీ అమ్మ లోపటున్నది, ఆమె బయటికొస్తే నువ్వు పో. భయ్యా, ఒక్క మాట. మాట గీట లేదు, రూలు. మొఖంల కోపం గూడ లేదు, పాపం, మనసుపూర్తిగ డ్యూటీ చేస్తుండు. రేష్మకు నవ్వొచ్చింది, నిజంగనే వచ్చింది. వంగి ఆయన చంక కిందికెళ్ళి దూరింది.

"థాంబా మేడమ్! థాంబా!"

ఆగండి అని తనే అరిసింది, అంత గట్టిగ అరిసింది తనే అని తర్వాత తెలిసింది. అమ్మ లేచి నిలవడ్డది. సిస్టర్ చెయ్యి కెజియా మణికట్టు సూది మీద ఉన్నది. డాక్టరమ్మ చేతిల రిపోర్టు కాయితం. ఫెరిటిన్ ఎక్కువొచ్చింది, అన్నది, మొదలు పెడుతున్నం. పక్కింట్ల పిల్లకు కాంజిణ్యా అయినయి మేడమ్, అన్నది రేష్మ, ఇది దానితోని ఆడింది, ఒక్క పల్లెంల తిన్నది, రెండు వారాల మీద అయింది, నాకు ఇప్పుడే తెలిసింది. డాక్టరమ్మ తిట్టలే. తిడతదనుకున్నది, తిడితే బాగుండు. ఆమె సిస్టర్ దిక్కు చూసి చెయ్యి లేపింది, అంతే, సీసా ఆగింది. ఫోన్ లైటు ఏసి కెజియా కడుపు చూసింది, లేదు. వీపు చూసింది, లేదు. చెవి ఎనుక చూసింది. ఎంటికెలు పాయపాయగ ఇడదీసుకుంట నెత్తంత ఎతుకుతుంటే అమ్మ మెల్లగ, అవి చెమటకాయలు మేడమ్, పొద్దున దువ్వుతుంటే నేను చూసిన, అన్నది. మాడు పక్కన రెండు, మెడ మీద ఎంటికెల మొదట్ల ఒకటి. ఎర్రటి చర్మం మీద నీటిబొట్టు నిలవడ్డట్టు, అంత చిన్నగ. డాక్టరమ్మ లైటు ఇంక దగ్గరికి తెచ్చి చూసింది. ఇవి చెమటకాయలు కావు, అన్నది.

తర్వాత జరిగినయి రేష్మకు ముక్కలు ముక్కలుగనే తెలుసు. పెద్ద డోసు సీసా పోయింది, ఇంకో సీసా వచ్చింది, ఇది ఆ పురుగును ఆపేది. రోజు ఇచ్చే చిన్న స్టెరాయిడ్ ఆపొద్దు, ఒక్కసారి ఆపితే అదొక ముప్పు. ఆదివారం సూది మాత్రం బందు. డాక్టరమ్మ నాగపూర్‌తోని ఫోన్ల మాట్లాడుకుంటనే కాయితం మీద మందులు రాసింది. పాత జబ్బు, పొక్కులు రెండు సుత కలిసే ఉండొచ్చు సార్, అన్నది, పొద్దున మళ్ళ రక్తం తీస్త, అప్పటిదాక పెద్ద డోసు ఎక్కియ్యను. ఫోన్ పెట్టి రేష్మ దిక్కు చూసింది. ఇంక రెండు మూడొద్దులు నేనేం చెప్పలేను. కాని ఇందాకటిది ఎక్కించి ఉంటే, అన్నది, ఆ మాటను అక్కడనే ఇడిసిపెట్టింది. వేరే రూముకు మార్చిండ్రు, అంటుకునేది గద, పొక్కులు ఇదివరకు అయినోళ్ళే లోపట ఉండాలె అన్నరు. నాకైతే చిన్నప్పుడే అయినయి, దీనికి సుత అయినయి మేడమ్, అని అమ్మ రేష్మను చూపెట్టింది. రేష్మకు ఆ సంగతే తెల్వది. నాకెప్పుడయినయి? నీకు రెండేండ్లున్నప్పుడు, అన్నది అమ్మ, దుప్పటి సర్దుకుంట, మొఖం తిప్పుకొని. మీ బాపు నైట్ డ్యూటీ. ఈరమ్మే యాపాకు తెచ్చి నీ పక్కల పరిచింది. నేను వద్దనలే.

మళ్ళ ఫోన్ మోగింది. ఈరమ్మ అవ్వే. రేష్మ ఎత్తేలోపల అమ్మ సంతోషమ్మ చెయ్యి చాపింది. స్పీకర్ మీద అవ్వ గొంతు. సంతోషమ్మా, ఒక మాటడుగుత, తిట్టకు. నీ బిడ్డ పేర్న తల్లికి సాక పోస్త అనుకుంటున్న. నీకు కోపమొస్తదా? అమ్మ ఫోన్ నోటికాడికి తెచ్చుకున్నది. చర్చిల ఆడోళ్ళ సంఘానికి పెద్ద, ఇంట్ల ఊదుబత్తి వాసన సుత రానియ్యని మనిషి.

"పొయ్యి ఈరవ్వా," అన్నది. "మేమిక్కడ చేసేది మేం చేస్తనే ఉన్నం. నువ్వక్కడ చేసేది నువ్వు చెయ్యి. సుమన్‌ను మాత్రం ఒకసారి దవాఖానల చూపియ్యి. నీ మొగడు వద్దంటే నా పేరు చెప్పు, వచ్చి మాట్లాడుత."

కొత్త సీసాల నుంచి ఒక్కొక్క బొట్టు పడుతున్నది. కెజియా కండ్లు తెరిసింది, జరంతోని కండ్లు గాజు లెక్క మెరుస్తున్నయి.

"అక్కా. ఆదివారం సూది లేదన్నరు. నిజమా?"

"నిజం."

"ఎందుకు?"

"కావలోళ్ళతోని పనివడ్డది. ఈసారి నిజంగనే దొంగ వచ్చిండు."

కెజియా పైకప్పు దిక్కు చూసుకుంట ఆలోచన చేసింది. పెదవులు ఎండి తెల్లగైనయి. "మూడేండ్ల సంది మనమే పండవెడుతిమి గద," అన్నది. "ఇప్పుడు లేపితే లేస్తరా?"

రేష్మ ఎన్ని పేర్లు సదివింది, కొట్టేటోళ్ళు, చాల్లే అనేటోళ్ళు, మింగేటోళ్ళు, పుట్టుకతో చంపేటోళ్ళు. ఎవరు లేస్తరో, ఎంతమంది లేస్తరో, లేసినోళ్ళు దొంగ దిక్కు ఉరుకుతరో మళ్ళ ఈ పిల్ల మీదికే వస్తరో, ఏ కాయితంల రాసి లేదు.

"లేస్తరు," అన్నది.

"కోపానికి రారా?"

"వస్తే రానియ్యి. కోపంతోనైనా లేస్తే చాలు."

కెజియా తలూపింది. పక్కకు తిరిగి, దుప్పటి నెత్తి మీదికి గుంజుకొని, లోపటికి, అంటే తన లోపటికే, పక్కింటోళ్ళను కేకేసినట్టు పిలిచింది: "ఓయ్. లేవుండ్రి. జల్ది."